ఆల్చిప్ప కాదండీ, రొయ్య!

చరిత్ర అనగానే మనవాళ్ళకి రాజులు గుర్తొస్తారు. మా అనంతపురం జిల్లా వాళ్ళకయితే ఇంకాస్త ఎక్కువ. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం అని కోటల పేర్లు వరసగా చెప్పి, కృష్ణదేవరాయల దగ్గర ఆగి, ఆ తర్వాత నేరుగా కరువులోకి దిగిపోతాం. రాజుల మీద నాకు కోపమేం లేదు. ఐదొందల ఏళ్ళని "అతి ప్రాచీనం" అనేసే అలవాటుతోనే నాకు పేచీ. అందుకని ఈసారి పద్దెనిమిది కోట్ల ఏళ్ళ వెనక్కి వెళ్దాం. మన కథానాయకుడు కందిపప్పు బద్దంత ఉంటాడు. కత్తీ లేదు, కిరీటం లేదు. రెండు చిప్పలున్నాయి, అంతే.

ముందే చెప్పేస్తున్నా, నేను భూగర్భ శాస్త్రవేత్తని కాదు. జావా రాసుకుని బతికే మనిషిని. సొంతూరు బెళుగుప్ప. ఈ విషయం మీద కొన్నాళ్ళుగా దొరికినవన్నీ చదువుతూ ఉంటే, ఇందులో మన ఐటీ వాళ్ళకి బాగా తెలిసిన జబ్బులన్నీ కనిపించాయి. పైగా కథ చివరికి మా ఊరి కుంట దాకా వచ్చింది. అందుకే ఈ టపా.

తెలుగు నేల మీద దొరికిన శిలాజాలంటే చాలామందికి హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన డైనోసార్ గుర్తొస్తుంది. దాని పేరు కోటసారస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) శాస్త్రవేత్త యాదగిరి 1988లో ఆ పేరు పెట్టారు. అందులో "కోట" అంటే బురుజులున్న కోట కాదు. ప్రాణహిత ఒడ్డున, సిరొంచకి ఎగువన ఉన్న ఒక పల్లె పేరది. ఇప్పుడు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉంది. తెలుగు బాగానే వినిపించే ప్రాంతం. నదికి ఇవతలి ఒడ్డు తెలంగాణ. రాళ్ళకి రాష్ట్రాల సరిహద్దులు తెలీవు కాబట్టి ఆ పొరలు రెండు వైపులా ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి కోట ఫార్మేషన్ అని పేరు. జురాసిక్ కాలం నాటివి.

డైనోసార్‌కి ఆ ఊరి పేరు పెట్టడానికి 126 ఏళ్ళ ముందే, 1862లో, ఇంకో జంతువుకి ఆ పేరు పెట్టేశారు. అదే మన కందిపప్పు బద్ద. పేరు ఎస్తేరియా కోటాహెన్సిస్. మ్యూజియంలో దాని ముందు నిలబడి ఫోటో దిగేవాడు ఎవడూ ఉండడు, కంటికి ఆనితే కదా! కానీ ఆ రాళ్ళని చదవడంలో ఇంత చిన్న జీవి చేసిన పని తక్కువది కాదు.

అసలు ఏమిటిది? చూడ్డానికి అచ్చం బుల్లి ఆల్చిప్పలా ఉంటుంది. రెండు పలచని చిప్పలు, వీపు మీద కలిసి ఉంటాయి. చిప్ప మీద ఒకదాని చుట్టూ ఒకటి గీతలు, చెట్టు మొద్దులో వలయాల్లా. లోపల ఉండేది మాత్రం ఆల్చిప్ప పురుగు కాదు. కీళ్ళున్న బోలెడు కాళ్ళు, మీసాలు, కళ్ళు ఉన్న ఆర్థ్రోపోడ్. అంటే రొయ్య, పీత, తేలు, జెర్రి, ఈగ వీటన్నిటి బంధువర్గం. రొయ్యలాంటిది ఒకటి తన ఒళ్ళంతా రెండు చిప్పల మధ్య దాచుకుందనుకోండి, అదే ఇది. ఇంగ్లీషువాళ్ళు క్లామ్ ష్రింప్ అంటారు. నేను చిప్పరొయ్య అంటాను. మీకు ఇంతకన్నా మంచి పేరు తడితే చెప్పండి, మార్చేద్దాం.

దానికా గీతలు ఎలా వచ్చాయన్నది ముచ్చటైన విషయం. రొయ్యలు, పీతలు పెరిగేటప్పుడు పాత పెంకు మొత్తం వదిలేస్తాయి. చిప్పరొయ్య ఒంటి మీది పొరని వదులుతుంది గానీ పాత చిప్పని మాత్రం పారేయదు. దాని కిందే కొత్త పెద్ద చిప్ప వేసుకుంటుంది. కొత్తదాని అంచు బయటికి కనిపిస్తుంది, అదే ఒక గీత. పాత వెర్షన్ తీసెయ్యకుండా దాని మీదే కొత్త వెర్షన్ ఎక్కించడం మనకి తెలియనిదేం కాదు కదా.

ఇక కోట సంగతికొద్దాం. బ్రిటిష్ వాళ్ళు అక్కడికి వెళ్ళింది చిప్పరొయ్యల కోసం కాదు, బొగ్గు కోసం. 1850ల మొదట్లో డాక్టర్ బెల్ అనే ఆయన కోట దగ్గర బోరు వేయించాడు. (మా ఊళ్ళో నీళ్ళ కోసం వేస్తారు, అక్కడ బొగ్గు కోసం వేశారు.) ఆ వివరాలు లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అంతకు కాస్త ముందు, 1851లో, కోట రాళ్ళలో దొరికిన ఒక చేపకి లెపిడోటస్ డెక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. బొగ్గు వెతికేవాడికి చేపలతో పనేమిటి అంటే, పొరల వయసు చెప్పేవి అవే. ఈ పొర ఏ కాలానిది, ఎక్కడెక్కడ బయటపడుతుంది, బొగ్గున్న పొర దీనికి పైనా, కిందా అన్నది తేలితేనే బోరు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. తర్వాతి రోజుల్లో సింగరేణి బొగ్గుని వెలుగులోకి తెచ్చిన విలియం కింగ్, 1881లో ఈ ప్రాణహిత గోదావరి లోయ మీద ఒక గ్రంథమే రాశాడు.

వయసుతో పాటు ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది. ఆ పొర పడినప్పుడు అక్కడ ఉన్నది సముద్రమా, చెరువా, నదా? సరిగ్గా ఇక్కడే మన చిప్ప వస్తుంది.

యూరప్‌లో ఇలాంటి బుల్లి చిప్పల శిలాజాలు అప్పటికే చాలా దొరికాయి. చూసినవాళ్ళు ఏమనుకున్నారు? ఆల్చిప్పలనుకున్నారు. చూడ్డానికి అలాగే ఉన్నాయి మరి. పొసిడోనియా మినూటా అని పేరు కూడా పెట్టారు. పొసిడోనియా అంటే సముద్రంలో బతికిన ఆల్చిప్పల జాతి, పేరులోనే గ్రీకుల సముద్ర దేవుడున్నాడు. బాతులా నడిచి బాతులా అరిస్తే బాతే అని ప్రోగ్రామింగులో ఒక పద్ధతి ఉంది కదా, డక్ టైపింగ్. పందొమ్మిదో శతాబ్దపు పండితులు చేసింది అదే. పైకి కనిపించే ఇంటర్‌ఫేస్ చూసి లోపల ఏముందో తేల్చేశారు. దాని ఫలితం ఎంతదాకా పోతుందో చూడండి. ఒక రాతిలో సముద్రపు ఆల్చిప్ప ఉందంటే అక్కడ సముద్రం ఉండేదని అర్థం. ఒక చిన్న పేరు తప్పయితే ఒక దేశం పటం మీదికి లేని సముద్రం వచ్చి కూర్చుంటుంది.

దీన్ని సరిదిద్దిన వాళ్ళలో ముఖ్యుడు థామస్ రూపర్ట్ జోన్స్. అప్పట్లో జియలాజికల్ సొసైటీలో అసిస్టెంట్ సెక్రటరీ. చిన్న చిప్పల జీవులంటే ప్రాణం. శిలాజ ఎస్తేరియాల మీద 1862లో ఒక మోనోగ్రాఫ్ వేశాడు. చిప్పల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, వాటి అల్లిక ఆల్చిప్పల గుల్లలా లేదనీ, బతికున్న చిప్పరొయ్యల పెంకులా ఉందనీ చూపించాడు. అంటే ఇవి ఉన్నచోట లోతు సముద్రాన్ని ఊహించుకోనక్కర్లేదు. మడుగులు, చెరువులు, మహా అయితే ఉప్పుకయ్యల్లాంటివి వెతుక్కోవాలి. ఆ పుస్తకంలో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన చిప్పలున్నాయి. మన వైపు నుంచి రెండు. ఒకటి కోట పేరుతో, ఇంకొకటి చంద్రపూర్ వైపున్న మంగలి అనే ఊరి పేరుతో, ఎస్తేరియా మంగలియెన్సిస్.

గమనించారా? "బతికున్న వాటితో పోల్చి" అన్నాను. నాకు ఈ కథలో ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది. ఎవరో ఒకరు బతికున్నవాటిని కూడా పట్టుకోవాలి కదా! ఆ పని చేసినాయన పేరు స్టీఫెన్ హిస్లాప్.

హిస్లాప్ స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ. 1845 నుంచి నాగపూర్‌లో ఉన్నాడు. అక్కడి హిస్లాప్ కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. మత ప్రచారం, బడి నడపడం ఆయన ఉద్యోగం. మిగిలిన టైములో రాళ్ళు. ఆయన సాటి మిషనరీ హంటర్‌తో కలిసి మంగలిలో సేకరించిన వాటిలో ఒక పురాతన ఉభయచరం పుర్రె కూడా ఉంది. దానికి రిచర్డ్ ఓవెన్ 1855లో బ్రాకియాప్స్ అని పేరు పెట్టాడు. డైనోసార్ అనే మాట పుట్టించింది కూడా ఈ ఓవెనే. ప్రాణహితకి ఇవతల మలేరి ఎర్రమట్టిలో దొరికిన ఊపిరితిత్తుల చేప పళ్ళకి సెరటోడస్ హిస్లోపియానస్ అని ఈయన పేరే పెట్టారు.

అయితే రాళ్ళు ఏరినవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. హిస్లాప్ దానితో పాటు నాగపూర్ నీటి మడుగుల్లో బతుకుతున్న బుల్లి జీవుల్ని కూడా పట్టి లండన్‌కి పంపాడు. బ్రిటిష్ మ్యూజియంలో విలియం బెయర్డ్ 1859లో వాటిని వర్ణించి, ఒకదానికి ఎస్తేరియా హిస్లోపి అని పేరు పెట్టాడు. ఒకే మనిషి ఒక చేత్తో కోట్ల ఏళ్ళ నాటి చిప్పని, ఇంకో చేత్తో నిన్నటి వానకి పుట్టిన చిప్పని పట్టుకున్నాడన్నమాట. మూడేళ్ళ తర్వాత జోన్స్ పుస్తకం వచ్చింది. 1863 సెప్టెంబర్లో హిస్లాప్ టాకల్‌ఘాట్ దగ్గర పాతరాతి సమాధులు చూసి తిరిగొస్తూ వాగు దాటబోయి మునిగి చనిపోయాడు. గోండుల భాష, కథల మీద ఆయన రాసుకున్న కాగితాల్ని రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించాడు. మిషనరీల రాజకీయాల గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉంటుంది. ఆయన చూపు మాత్రం నాకు నచ్చింది.

ఇక పేర్ల గొడవ. మన వాళ్ళందరికీ నచ్చే భాగమిది. ఎస్తేరియా అనే పేరు చిప్పరొయ్యకి 1837లో వాడారు. తీరా చూస్తే ఆ పేరుని 1830లోనే ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక ఈగకి రిజిస్టర్ చేసేసుకున్నాడు! జంతువుల పేర్లలో రూలు ఒకటే, ముందు పెట్టినవాడిదే పేరు. నేమ్‌స్పేస్ మొత్తం ప్రపంచానికి ఒకటే, ప్యాకేజీలు లేవు. దాంతో ఎస్తేరియా ఈగకి మిగిలిపోయింది. చిప్పరొయ్యలు సైజికస్ వగైరా పేర్ల కిందకి వలస పోయాయి. అయినా పాత పుస్తకాల్లో, మ్యూజియం చీటీల మీద ఎస్తేరియా అలాగే ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈనాటికీ ఈ శిలాజాల్ని ఎస్తేరిడ్లు అంటూనే ఉన్నారు. డెప్రికేట్ చేసిన ఫంక్షన్ని ఎవడు పూర్తిగా తీసేయగలిగాడు కనక?

హిస్లాప్ పేరున్న జీవి సంగతి ఇంకా బావుంటుంది. 1887లో జి.ఓ. సార్స్ అనే నార్వే శాస్త్రవేత్త దానికి సైక్లెస్తేరియా అని కొత్త ప్రజాతి కట్టాడు. ఆయన దగ్గర ఉన్న జీవులు ఎక్కడివో తెలుసా? ఆస్ట్రేలియా నుంచి తెప్పించుకున్న ఎండిన బురద. ఆ మట్టిని నీళ్ళలో వేస్తే అవి పుట్టుకొచ్చాయి! భూగోళానికి అటు చివర ఎండిన మట్టి, ఓడలో వచ్చి, నార్వే చలిలో గాజు పాత్రలో ప్రాణం పోసుకుంది. ఆ తర్వాత వందేళ్ళకి డీఎన్ఏ పోలికలు వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. ఈ సైక్లెస్తేరియా మిగతా చిప్పరొయ్యల కంటే నీటి ఈగలకి, అంటే డాఫ్నియాలకి, దగ్గరి చుట్టం. దాంతో రెండు చిప్పలున్నాయని అందరినీ కలిపి కట్టిన కాంకోస్ట్రాకా అనే పెద్ద గుంపు చీలిపోయింది. వందేళ్ళ కోడ్ బేస్ రీఫాక్టర్ అయిపోయింది. కారణం మళ్ళీ అదే. చిప్ప చూసి చుట్టరికం కలిపారు.

మన దేశంలో ఈ రాళ్ళ మీద రెండో దశ పని స్వాతంత్ర్యం వచ్చాక మొదలయింది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పేరు మన వాళ్ళందరూ వినే ఉంటారు. మహలనోబిస్ పెట్టిన సంస్థ. 1950ల మధ్యలో దేశంలోకి మొదటి డిజిటల్ కంప్యూటర్ వచ్చింది అక్కడికే. అదే సంస్థకి 1957లో మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్త వచ్చి, ప్రాణహిత గోదావరి లోయలో పని మొదలుపెట్టించింది. కోట పొరల్లో దొరికిన బరపాసారస్ అనే పెద్ద డైనోసార్‌కి 1975లో పేరు పెట్టారు. ఠాగూర్ శతజయంతి సంవత్సరం 1961 గుర్తుగా దాని రెండో పేరు టాగోరీ. డైనోసార్ల హడావుడిలో చిప్పల్ని మాత్రం ఎవరూ మర్చిపోలేదు. 1970లలో పాల్ టాష్ అనే అమెరికన్, జీఎస్ఐ వాళ్ళతో కలిసి మన గోండ్వానా రాళ్ళలోని ఎస్తేరిడ్లని మళ్ళీ లెక్క పెట్టాడు. అంటార్కిటికా మంచులో కూడా ఇవే చిప్పలు ఏరుకొచ్చిన మనిషి ఆయన. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఇవి మంచినీటి మడుగుల జీవులు, మహాసముద్రం ఈదలేవు. ఇండియాలో, ఆఫ్రికాలో, అంటార్కిటికాలో ఒకే రకం చిప్పలు దొరికాయంటే ఆ ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండాలి. 1987లో దీని మీద పెద్ద పుస్తకమే వచ్చింది.

ఖండాలు కలిసి ఉండేవన్నది నిజమే, దానికి వేరే సాక్ష్యాలు బోలెడున్నాయి. కానీ చిప్పల సాక్ష్యం ఒక్కటే అయితే క్రాస్ ఎగ్జామినేషన్లో నిలబడటం కష్టం. చిప్పరొయ్య ఈదలేకపోయినా, దాని ఎండిన గుడ్డు దుమ్ములో కలిసి గాలికి ఎగరగలదు, పక్షి కాలి బురదకి అంటుకుని పోగలదు. ఓడెక్కి నార్వే వెళ్ళిన మట్టి సంగతి ఇందాకే చెప్పుకున్నాం. పైగా చిప్ప ఆకారం ఒకే జాతిలో కూడా తేడాగా ఉంటుంది. రాతి బరువుకి నలిగితే ఇంకా మారుతుంది. అందుకే ఇప్పటివాళ్ళు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చిప్ప మీది సన్నటి అల్లికని చూసి గానీ పేరు పెట్టరు. జోన్స్ చేసిందే, ఇంకాస్త పెద్ద భూతద్దంతో.

ఈ చిప్పల మోసం కోట దగ్గర మొదలైంది కాదు. జంతువుల చరిత్ర మొదట్లోనే ఉంది. కేంబ్రియన్ కాలం, అంటే 54 కోట్ల ఏళ్ళ క్రితం నుంచి మొదలయ్యే కాలం. ఆ సముద్రాల్లో రెండు చిప్పల ఆర్థ్రోపోడ్లు గుంపులు గుంపులుగా ఉండేవి. వాటిలో ఐసాక్సిస్ అనేదానికి 1890లో చార్లెస్ వాల్కాట్ పేరు పెట్టాడు. చిప్పలకి ముందూ వెనకా ముళ్ళు. కెనడా నుంచి చైనా, ఆస్ట్రేలియా దాకా దొరుకుతుంది. కానీ చాలాకాలం చేతికొచ్చింది చిప్పలే. లోపలి మనిషి సంగతి తెలీదు. కెనడా బర్జెస్ షేల్ నమూనాల్లో కళ్ళు, ముందు కాళ్ళు వివరంగా వర్ణించింది 2009లో. చూస్తే ఇప్పటి రొయ్యల గుంపుల్లో దేనికీ చెందదు. ఆర్థ్రోపోడ్ల చెట్టు వేరు దగ్గర ఎక్కడో ఉంటుంది. ఇప్పుడు దాని వంశం లేదు.

బ్రాడోరిడ్లు అని ఇంకో గుంపు ఉంది. కొన్ని మిల్లీమీటర్ల చిప్పలు. వాటిని దశాబ్దాల పాటు ఆస్ట్రకోడ్లు అనే ఇప్పటి చిప్పజీవుల తాతలనుకున్నారు. 1984 జూలై 1న చైనాలోని మావోతియన్ కొండ మీద హో షియాంగ్వాంగ్ అనే కుర్ర శాస్త్రవేత్త ఈ బ్రాడోరిడ్ల కోసమే రాళ్ళు పగలగొడుతున్నాడు. పగిలిన రాతిలో కాళ్ళతో సహా నిలిచిపోయిన వేరే జంతువు కనిపించింది. అదే చెంగ్జియాంగ్ శిలాజాలు బయటపడ్డ రోజు. ఆ రాళ్ళలోనే తర్వాత బ్రాడోరిడ్ల కాళ్ళు కూడా దొరికాయి, దాంతో ఆస్ట్రకోడ్ల చుట్టరికం కాస్తా పోయింది. అంటే రెండు చిప్పల డిజైన్ ఒకరి దగ్గర నుంచి ఇంకొకరు కాపీ కొట్టింది కాదు. ఎవరికి వాళ్ళు, వేరే వేరే కాలాల్లో, మళ్ళీ మళ్ళీ కనిపెట్టుకున్నారు. సముద్రంలో మొదలైన ఐసాక్సిస్‌లు, బ్రాడోరిడ్లు పోయాయి. మంచినీటిలో 40 కోట్ల ఏళ్ళ క్రితం, డివోనియన్ కాలంలోనే కనిపించే చిప్పరొయ్యలు మిగిలాయి.

ఎలా మిగిలాయి? దీనికి జవాబు మా బెళుగుప్పలో చెప్తాను.

ముందు ఒక నిరాశ. మా ఊరి రాళ్ళలో శిలాజాలు దొరకవు. అవి 250 కోట్ల ఏళ్ళు దాటిన నైస్, గ్రానైట్ రాళ్ళు. అవి గట్టిపడేనాటికి జంతువులే లేవు. తాడిపత్రి దాకా వెళ్తే కడప బేసిన్ సున్నపురాళ్ళలో సూక్ష్మజీవులు కట్టిన స్ట్రోమటోలైట్లు ఉన్నాయి గానీ, అవి కూడా కాళ్ళున్న దేనికన్నా చాలా ముందువి. ఐసాక్సిస్ ఈదిన కాలం నాటిది గానీ, కోట చెరువుల కాలం నాటిది గానీ ఒక్క పొర కూడా మా దగ్గర లేదు. లాగ్ ఫైల్ మధ్యలో వందల కోట్ల లైన్లు డిలీట్ అయిపోయి, చివర ఇవాళ్టి ఎర్రమట్టి ఒక్కటే మిగిలింది.

ఆ ఎర్రమట్టిలోనే ఉంది అసలు సంగతి. పోయిన వానాకాలం ఊరికెళ్ళినప్పుడు, నాలుగు రోజులు వానపడి నిండిన ఒక కుంటలో తెల్ల గ్లాసుతో నీళ్ళు ముంచి ఎండకి పెట్టి చూశాను. బురద దిగాక, పారదర్శకంగా ఉన్న రెండు చిప్పల మధ్య కాళ్ళు ఆడిస్తూ తిరుగుతున్నాయి, ఏడెనిమిది. అక్కడే మేకలు మేపుకుంటున్న పెద్దాయన వచ్చి "ఏమప్పా, ఏం ఎదుకుతాండావు నీళ్ళలో?" అన్నాడు. చూపించాను. "ఓ, ఇవా! వానొస్తే వస్తాయి, ఎండితే పోతాయి" అన్నాడు. యాడికి పోతాయని అడిగితే "యాడికీ పోవు. ఈడే మన్నులో ఉంటాయి" అని తేల్చేశాడు. సార్స్ 1887లో కాగితం మీద పెట్టింది కూడా ఇంతే.

చిప్పరొయ్యకి టైం తక్కువ. నీళ్ళొచ్చాక వారం పదిరోజుల్లో పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టేయాలి. యులిమ్నాడియా అనే రకంలో (గుంటూరు పేరు మీద యులిమ్నాడియా గుంటూరెన్సిస్ అని ఒక జాతి కూడా ఉంది, 1976లో పెట్టారు) మగవి కాక, ఆడా మగా రెండూ తానే అయినవి ఉంటాయి. కాబట్టి కుంటలో ఒక్కటి పుట్టినా వంశం ఆగదు. కుంట ఎండిపోతే పెద్దవన్నీ చచ్చిపోతాయి. గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. ఎండ వాటిని చంపదు, కొన్నిటికి ఎండటమే కావాలి. అన్నిటికన్నా తెలివైన విషయం, మొదటి వానకి అన్ని గుడ్లూ పగలవు. కొన్నే పగులుతాయి. ఆ వాన మోసం చేసి కుంట మూడు రోజులకే ఎండితే, మిగిలినవి ఇంకో వాన కోసం కాచుకుని ఉంటాయి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఇది ఎవరికీ వివరించక్కర్లేదు. మా రైతు మొదటి పదునుకే ఉన్న విత్తనమంతా భూమిలో పోయడు. చెనక్కాయ వేసినా మధ్యలో కంది సాళ్ళు వదుల్తాడు. కాయ పోతే కందయినా మిగుల్తుందని. కంప్యూటర్ సైన్సులో దీనికి రిడండెన్సీ అని పేరు పెట్టి స్లైడ్లు చేస్తాం. చిప్పరొయ్య 40 కోట్ల ఏళ్ళుగా ఇదే చేస్తోంది. చిప్ప దాన్ని కాపాడిందని నేననుకోను, చిప్పలున్న సముద్రపు దొరలు ఎందరో పోయారు. కరువుని లెక్కలోకి తీసుకున్న గుడ్డు కాపాడింది.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. ఈ జీవికి నీళ్ళు రావడం ఎంత అవసరమో పోవడం అంతే అవసరం. ఏడాది పొడుగునా నీళ్ళుంటే చేపలొస్తాయి, చేపలొస్తే ఇది ఉండదు. 2012లో హంద్రీనీవా కాలవలో కృష్ణా నీళ్ళు మా మండలంలోని జీడిపల్లి రిజర్వాయరుకి చేరాయి. తరతరాల కల అది. ఆ నీళ్ళు వద్దనే హక్కు బెంగుళూరులో ఏసీ గదిలో కూర్చున్న నాకు లేదు, ఉండకూడదు కూడా. నీళ్ళు రావాలి, ఇంకా రావాలి. ఫారం పాండ్లు తవ్వాలి. దోమల కోసం గంబూసియా చేపల్ని వదలడానికి కూడా కారణముంది. కానీ వీటితో పాటు, ఎవరికీ పనికిరాని కుంటలు అని వదిలేసినవి పూడ్చి ప్లాట్లు వేయడం, రోడ్డుకి మట్టి కావాలని ప్రొక్లెయిన్‌తో అడుగుదాకా గోకేయడం కూడా జరుగుతోంది. అడుగున పైపొర మట్టి పోతే ఏళ్ళ తరబడి దాచిన గుడ్లన్నీ పోతాయి. బ్యాకప్ టేపులు చెత్తబుట్టలో వేసినట్టే. పులి చచ్చిపోతే పేపర్లో వస్తుంది. ఇది పోతే పోయినట్టు కూడా తెలీదు, ఎందుకంటే ఎండిన కుంటలో అది ఉన్నప్పుడూ కనిపించదు.

పోతే ఏంటటా అని అడగొచ్చు. కథ మొత్తం ఒకసారి వెనక్కి చూడండి. ఆల్చిప్ప అనుకున్నది రొయ్య అని తేలింది బతికున్న దానితో పోల్చాకే. గుడ్డు ఎండకి చావదని తెలిసింది బతికున్న దాని మట్టి తడిపాకే. కాంకోస్ట్రాకా గుంపు తప్పని తేలింది బతికున్న దాని డీఎన్ఏ చదివాకే. కోట రాళ్ళు కదలకుండా అక్కడే ఉన్నాయి, ఇంకో కోటి ఏళ్ళుంటాయి. వాటిని చదివే డిక్షనరీ మాత్రం మన కుంటల్లో ఉంది. హిస్లాప్‌కి అది అర్థమైంది కాబట్టే రాతినీ, మడుగునీ రెండిటినీ వెతికాడు. మనం రాళ్ళని మ్యూజియంలో పెట్టి డిక్షనరీని ప్రొక్లెయిన్‌కి ఇస్తున్నాం.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఊరికొక్క కుంట చాలు. చేపలు వదలకుండా, ప్లాస్టిక్ పరచకుండా, నిండితే నిండనిచ్చి ఎండితే ఎండనిచ్చే కుంట ఒక్కటి. ఖర్చు సున్నా. ఈసారి వానలకి ఊరెళ్ళినప్పుడు మీరూ ఒక తెల్ల గ్లాసు పట్టుకుని వెళ్ళండి. వానపడిన నాలుగైదు రోజులకి ముంచి చూడండి. కనిపిస్తే ఫోటో తీసి, తేదీ, ఊరి పేరు, కుంట పేరు రాసి పెట్టుకోండి. మీ ఊళ్ళో వాటిని ఏమంటారో పెద్దవాళ్ళని అడిగి అది కూడా రాయండి. 1859లో లండన్‌లో పేరు పెట్టిన జీవికి తెలుగులో ఉన్న పేర్లేమిటో పోగుచేయడం మనం చేయగలిగిన పనే. నాకు పంపితే నా దగ్గరున్న ఎక్సెల్ షీటులో చేరుస్తాను. ప్రస్తుతానికి అందులో ఒకే ఒక్క లైను ఉంది.